టర్బో కారు ఇంజిన్ దించుతున్నారా? చేయవలసినవి, చేయకూడనివి

తెనాలి, బాపట్ల, రేపల్లె రోడ్ల మీద కిరాయికి తిరిగే కార్లలో టర్బో డీజిల్ బళ్లు ఇంకా చాలానే ఉన్నాయి. 1,248 సీసీ ఇంజిన్‌తో వచ్చిన స్విఫ్ట్, డిజైర్ బళ్లయితే మరీ ఎక్కువ. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధనలు అమల్లోకి వచ్చేసరికి మారుతి డీజిల్ కార్ల తయారీ మానేసింది. కాబట్టి ఇప్పుడు తిరుగుతున్న ఆ బళ్లన్నీ వయసు మళ్లినవే, చాలావరకు రెండు మూడు చేతులు మారినవే. ఈ పెళ్లి కిరాయి అయ్యాక ఆయిల్ మారుద్దామని ఒకరు, బండి అమ్మేస్తున్నాం కదా ఇప్పుడెందుకని ఇంకొకరు వాయిదా వేస్తూ వచ్చి ఉంటారు. నూర్పిళ్ల రోజుల్లో రోడ్డంతా ఆరబోసిన వడ్ల మీద, మొక్కజొన్న మీద తిరిగిన బండి ఎయిర్ ఫిల్టర్‌ని టైరుకేసి నాలుగు దెబ్బలు కొట్టి మళ్లీ అదే పెట్టేసి ఉంటారు. చివరికి ఒకరోజు సైలెన్సర్ నుంచి నీలిపొగ మొదలవుతుంది. ఇంజిన్ దించాల్సిందేనని మేస్త్రీ చెబుతాడు.

అక్కడి నుంచి మాటలన్నీ ఖర్చు చుట్టూ తిరుగుతాయి. రెండు సంగతులు మాత్రం పక్కకి పోతాయి. ఒకటి, ఆ పని చేసే మనుషుల ఒళ్లు. రెండోది, ఇంజిన్ ఎందుకు అరిగిందన్న ప్రశ్న. కారణం దొరక్కుండా బోరింగ్ కొట్టించి, పిస్టన్లు మార్చి, పాత టర్బోనే మళ్లీ తగిలిస్తే ఆ కొత్త ఇంజిన్ కొద్ది నెలల్లోనే పోతుంది. అది పోయేటప్పుడు పక్కన ఎవరున్నా వాళ్లకూ ప్రమాదమే. అందుకే ఈ రెండింటినీ విడదీయకుండా కలిపి చెబుతున్నాను.

దించక ముందే

పొగ రంగు చూడండి. నీలిపొగ అంటే ఆయిల్ కాలుతోంది. నల్లపొగ అంటే డీజిల్ ఎక్కువై గాలి చాలడం లేదు. తియ్యటి వాసనతో తెల్లపొగ ఆగకుండా వస్తుంటే కూలెంట్ లోపలికి దిగుతోంది. ఇంజిన్ ఆడుతుండగా ఆయిల్ పోసే మూత కాస్త వదులు చేస్తే బుసబుసమని పొగ తన్నుకొస్తే, రింగులు దాటి గాలి కిందికి దిగుతోందన్నమాట. షెడ్డులో దాన్నే బ్యాక్ కంప్రెషన్ అంటారు.

ఈ గుర్తులు కనిపించిన బండిని ఇంకో వారం లాగిద్దామని అనుకోకండి. గుంటూరు దాకా ఒక్క ట్రిప్పే కదా అనీ అనుకోకండి. ఆయిల్ కొలిచే పుల్ల మీద మట్టం తగ్గకుండా పెరుగుతూ ఉంటే అసలు స్టార్ట్ చేయకండి. ఆయిల్‌లో డీజిల్ కలుస్తున్నదనడానికి అది గుర్తు. పల్చబడ్డ ఆయిల్ బేరింగులను కాపాడలేదు. మట్టం మరీ పెరిగితే ఆ ఆయిల్ గాలి దారిలోకి ఎక్కుతుంది. ఆ తర్వాత జరిగేదే టర్బో డీజిల్ బండిలో అన్నిటికంటే భయంకరమైన సంగతి.

తాళం తీసినా ఆగని ఇంజిన్

పెట్రోల్ ఇంజిన్‌కి మంట అందించడానికి స్పార్క్ ప్లగ్ కావాలి. తాళం తిప్పి ఆపితే స్పార్క్ పోతుంది, ఇంజిన్ ఆగుతుంది. డీజిల్ ఇంజిన్‌కి స్పార్క్ అక్కర్లేదు. గాలిని గట్టిగా నొక్కి వేడెక్కించి, అందులో డీజిల్ చిమ్మితే అదే అంటుకుంటుంది. దాని వేగాన్ని నడిపేది ఎంత డీజిల్ పోస్తున్నామన్న లెక్క ఒక్కటే. అరిగిన టర్బో సీలు దాటిగానీ, బ్యాక్ కంప్రెషన్ తోసే ఆవిరితోగానీ ఇంజిన్ ఆయిల్ గాలి గొట్టంలోకి చేరితే ఆ ఆయిలే ఇంధనమైపోతుంది. తాళం తీస్తే డీజిల్ ఆగుతుంది కానీ ఆయిల్ ఆగదు. ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ టర్బో వేగం పెరుగుతుంది, టర్బో వేగం పెరిగేకొద్దీ ఇంకా ఆయిల్ లాగుతుంది. రోడ్డు కనపడనంత పొగ కమ్మేస్తుంది. ఆయిల్ అయిపోయి ఇంజిన్ పట్టేసేదాకా, లేదా కనెక్టింగ్ రాడ్ విరిగి బ్లాకును చీల్చుకుని బయటికి వచ్చేదాకా ఆ పరుగు ఆగకపోవచ్చు.

మీరు డ్రైవర్ సీట్లో ఉండి, బండి గేర్లది అయి, చక్రాలు నేల మీద ఉండి, ముందు మనుషులెవరూ లేకపోతే చేయగలిగింది ఒకటి ఉంది. బ్రేకు బలంగా తొక్కి పట్టండి, హ్యాండ్ బ్రేకు లాగండి, పై గేరు వేసి క్లచ్‌ని ఒక్కసారిగా వదిలేయండి. ఇంజిన్ ఉక్కిరిబిక్కిరై ఆగిపోతుంది. క్లచ్ పాడైతే పాడవనివ్వండి. ఒక్క క్షణం కూడా తటపటాయించకండి, వేగం పెరిగిపోయాక ఇది కూడా పనిచేయకపోవచ్చు.

ఆటోమేటిక్ బండి అయినా, బండి జాకీ మీద ఉన్నా, ఇంజిన్ బయట స్టాండు మీద ఉన్నా ఈ దారి లేదు. అప్పుడు అందరూ దూరంగా పరుగెత్తాలి. ఇంజిన్ పక్క వైపుల్లో అసలు నిలబడకండి, విరిగిన ఇనుము ఆ వైపే వస్తుంది. బానెట్ మీదికి వంగకండి. గాలి గొట్టాన్ని అరచేత్తోగానీ, తుండుగుడ్డతోగానీ మూయబోకండి. ఆ లాగుడికి గుడ్డ లోపలికి పోతుంది, చెయ్యి నుజ్జవుతుంది. ఇంజిన్ పక్క వైపులకి వెళ్లకుండా, వంగకుండా ఎయిర్ ఫిల్టర్ పెట్టె మూతి అందే బండి అయితేనే మందపాటి ప్లైవుడ్ ముక్కతో దాన్ని మూయవచ్చు, లేదా కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌తో ఆ మూతిలోకి కొట్టవచ్చు. అందకపోతే ఇంజిన్‌ని వదిలేయండి. మనుషులు బయటపడితే చాలు.

వరద నీళ్లు, ఉప్పు నీళ్లు

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలినప్పుడు కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె మండలాల లంక ఊళ్లు మునిగాయి. ఇలాంటి రోజుల్లో నీట మునిగిన బండిని ఒక్కసారి తాళం తిప్పి చూద్దామన్న ఆత్రం ఇంజిన్‌ని చంపుతుంది. గాలి నలుగుతుంది, నీరు నలగదు. సిలిండర్‌లో నీళ్లుంటే పిస్టన్ పైకి రాలేక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. కొంచెమే వంగితే బండి స్టార్ట్ అవుతుంది కూడా. ఆ తర్వాత ఎప్పుడో హైవే మీద అది విరుగుతుంది.

మునిగిన బండిని తాళ్లు కట్టి లాగించండి, స్టార్ట్ చేయకండి, నెట్టి గేరులో వేయకండి. బ్యాటరీ మైనస్ తీగ తీసేయండి. గ్లో ప్లగ్గులు విప్పి, క్రాంక్‌ని పానాతో చేత్తో మెల్లగా తిప్పండి. ఆ రంధ్రాలకి మొహం ఎదురుగా పెట్టకండి, నీళ్లు చిమ్ముతాయి. ఆయిల్ పాలలా తెల్లబడి ఉంటే మొత్తం దించేసి కొత్తది పోయాకే ముందుకెళ్లండి. నీళ్లున్న ఇంజిన్‌ని తిప్పి పాడుచేస్తే మామూలు ఇన్సూరెన్స్ పాలసీ దాన్ని సాధారణంగా కవర్ చేయదు. మీ పాలసీలో ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ ఉందో లేదో ముందే చూసుకోండి.

బాపట్ల, నిజాంపట్నం, రేపల్లె వైపు బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పన. రేడియేటర్లో ఆ నీళ్లు పోసి ఏళ్ల తరబడి తిప్పిన బండి హెడ్ విప్పితే నీటి దారుల చుట్టూ అల్యూమినియం తినేసి కనిపిస్తుంది. అక్కడి నుంచే హెడ్ గ్యాస్కెట్ లీకు, వేడెక్కడం, రింగులు పట్టేయడం మొదలవుతాయి. ఇంజిన్ పని చేయించాక డిస్టిల్డ్ వాటర్‌లో కంపెనీ చెప్పిన కూలెంట్ కలిపి మాత్రమే పోయండి. వేడి మీద రేడియేటర్ మూత ఎప్పుడూ తీయకండి. మూత బిగించి ఉన్నంతసేపూ ఒత్తిడి వల్ల 100 డిగ్రీలు దాటినా నీరు మరగదు, మూత వదలగానే ఒక్కసారిగా మరిగి మొహం మీదికి ఎగజిమ్ముతుంది. దించిన కూలెంట్‌ని మంచినీళ్ల సీసాల్లో, కూల్‌డ్రింకు సీసాల్లో పోసి షెడ్డులో పెట్టకండి. అది తియ్యగా ఉంటుంది, విషం. కుక్కలూ తాగుతాయి, పిల్లలూ తాగుతారు.

షెడ్డులో

లుంగీ కట్టుకుని, మెడలో తుండు వేసుకుని ఆడుతున్న ఇంజిన్ దగ్గరికి రాకండి. ఉంగరం, కడియం తీసి పక్కన పెట్టండి. కడియం బ్యాటరీ ప్లస్‌కీ బాడీకీ మధ్య తగిలితే మణికట్టు చుట్టూ కాల్చేస్తుంది. మొదట మైనస్ తీగ విప్పండి, చివరగా మైనస్ తీగ బిగించండి. తాళం తీసేసినా రేడియేటర్ ఫ్యాను తిరగవచ్చని గుర్తుంచుకోండి.

గేర్‌బాక్సుతో కలిసి ఇంజిన్ బరువు 100 కిలోలు దాటుతుంది. దాన్ని రేకుల షెడ్డు పైపుకి కట్టిన చైన్ బ్లాకుతో ఎత్తడం మన దగ్గర చాలా చోట్ల కనిపిస్తుంది. ఆ పైపు మీ ఇంజిన్‌ని మోయడానికి వేసింది కాదు. బరువుకు తగ్గ ఇంజిన్ క్రేన్ తెచ్చుకోండి. ఇంజిన్‌కి కంపెనీ ఇచ్చిన కొక్కేలకే గొలుసు తగిలించండి, ఏదో ఒక బోల్టుకు కాదు. వేలాడుతున్న ఇంజిన్ కింద కాళ్లూ చేతులూ పెట్టకండి. జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన బండి కిందికి దూరకండి. ఇటుకలూ సిమెంటు దిమ్మలూ ఒక్కసారిగా పగులుతాయి. జాకీ స్టాండ్లు పెట్టి, చక్రాలకి అడ్డు వేశాకే కిందికి వెళ్లండి.

ఇంజిన్ దించడానికి ఏసీ పైపు అడ్డమొస్తే కోయకండి. ఆ గ్యాసు కంట్లో పడితే గడ్డకట్టి చూపు పోవచ్చు. ఏసీ మెకానిక్‌ని పిలిచి గ్యాసు తీయించండి.

సామాను పెట్రోల్‌తో కడగకండి. దాని ఆవిరి గాలికంటే బరువు, నేల బారునే పాకి సర్వీసింగ్ గుంటలో చేరుతుంది. ఎక్కడో వెల్డింగ్ రవ్వ పడితే చాలు. కిరోసిన్ లాంటి తక్కువ మండే ద్రవం వాడండి, వెలుతురు, గాలి ఉన్న చోట కడగండి. ఇనుప బ్లాకులు ఉడికించే కాస్టిక్ సోడా తొట్టిలో అల్యూమినియం హెడ్ వేయకండి. సోడా దాన్ని తినేస్తుంది, హైడ్రోజన్ పుట్టిస్తుంది, పక్కన నిప్పుంటే పేలుతుంది. వాల్వ్ స్ప్రింగులు విప్పేటప్పుడు కళ్లద్దాలు లేకుండా కూర్చోకండి. చిన్న లాకు ముక్క ఎగిరితే కన్ను పోతుంది.

వాడిన ఆయిల్ చర్మ క్యాన్సర్ తెచ్చే గుణమున్నది. నైట్రైల్ తొడుగులు వేసుకోండి, ఆయిల్ నానిన గుడ్డ ప్యాంటు జేబులో పెట్టుకుని రోజంతా తిరగకండి. షెడ్డులో పని నేర్చుకునే కుర్రాళ్లకి ఈ తొడుగులూ కళ్లద్దాలూ యజమానే ఇవ్వాలి. పద్నాలుగేళ్లు నిండని పిల్లల్ని అసలు పనికి రానివ్వకండి. చట్టమూ ఒప్పుకోదు, మనసూ ఒప్పుకోకూడదు.

డీజిల్ పైపుల జోలికి వెళ్లేటప్పుడు

కామన్ రైల్ బండిలో డీజిల్ 1,400 నుంచి 1,600 బార్ల ఒత్తిడి దాకా వెళుతుంది. కారు టైరులో గాలి రెండు బార్ల పైచిలుకు మాత్రమే. పాత డీజిల్ ఇంజిన్లలో గాలి తీయడానికి ఇంజెక్టర్ నట్టు వదులు చేసి స్టార్టు కొట్టేవారు. ఆ అలవాటుని కామన్ రైల్ బండి మీద ప్రయోగించకండి. లీకు ఎక్కడుందో వేలితో తడిమి చూడకండి, అట్ట ముక్క అడ్డుపెట్టి చూడండి. ఇంజిన్ ఆపాక పది నిమిషాలు ఆగి, అప్పుడే పైపులు విప్పండి.

సన్నటి డీజిల్ ధార చర్మంలోంచి లోపలికి దూరితే పైన సూది గుచ్చినంత గాయమే కనిపిస్తుంది. మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండదు. లోపల మాత్రం కండ చచ్చిపోతూ ఉంటుంది. పసుపు రాసి ఇంటికి పంపకండి. వెంటనే 108కి ఫోన్ చేసి, గుంటూరు పెద్దాసుపత్రి లాంటి సర్జరీ ఉన్న చోటికి తీసుకెళ్లండి. ఎక్కువ ఒత్తిడితో డీజిల్ లోపలికి పోయిందని డాక్టరుకి ఆ మాటల్లోనే చెప్పండి. కొన్ని గంటలు ఆలస్యమైతే వేలు తీసేయాల్సి వస్తుంది.

టర్బోని ఏం చేయాలి

చిన్న కార్ల టర్బో ఇరుసు నిమిషానికి లక్షన్నర, రెండు లక్షల చుట్ల దాకా తిరుగుతుంది. ఒకవైపు చక్రానికి 700 డిగ్రీలు దాటిన పొగ తగులుతుంటే, ఇంకోవైపు చక్రం బయటి గాలిని తోస్తుంటుంది. ఈ రెంటి మధ్య ఇరుసు ఇనుముకి తగలకుండా సన్నటి ఆయిల్ పొర మీద తేలుతుంది. ఆయిల్ మార్చని ఇంజిన్‌లో మొదట చచ్చేది ఆ పొరే. హైవే మీద లాగించి వచ్చి వెంటనే ఆపేసినప్పుడల్లా ఆ వేడికి ఆయిల్ మాడి బొగ్గు కడుతుంది. ఆ బొగ్గే ఆయిల్ వచ్చే సన్నటి పైపుని మూసేస్తుంది.

కాబట్టి టర్బో మారిస్తే ఆ ఆయిల్ పైపునీ మార్చండి. కడిగితే లోపలి బొగ్గు పూర్తిగా రాదు. కొన్ని ఇంజిన్లలో ఆ పైపు మొదట్లో చిన్న జల్లెడ ఉంటుంది, దాన్ని వెతికి చూడండి. బేరింగులు అరిగి ఇనుప రజను తిరిగిన ఇంజిన్ అయితే ఆయిల్ కూలర్‌ని కూడా కొత్తది వేయండి. ఇంటర్‌కూలర్ విప్పి, తలకిందులు చేసి, కడిగి, ఆరబెట్టండి. పాత టర్బో కక్కిన ఆయిల్ అందులో నిలిచి ఉంటుంది. కడగకుండా బిగిస్తే కొత్త ఇంజిన్ మొదటిసారి గట్టిగా లాగినప్పుడు ఆ ఆయిల్‌నంతా ఒకేసారి పీల్చుకుంటుంది, ఇందాక చెప్పిన పరుగు మళ్లీ మొదలవుతుంది. ఈ పని గంటసేపటిది. బిల్లులో ఇది రాశారో లేదో యజమాని అడిగి చూసుకోవాలి.

టర్బో లోపలి సామాను మార్చాక బ్యాలెన్సింగ్ మిషన్ మీద పెట్టి చూపించాలి. ఆ మిషన్ ఉన్న చోటికి, విజయవాడ ఆటోనగర్‌కైనా సరే, పంపించండి. చేత్తో తిప్పి బాగానే ఉందనే మాటకి ఒప్పుకోకండి.

బిగింపు

బోరింగ్, హోనింగ్ అయ్యాక బ్లాకుని సబ్బు, వేడినీళ్లతో రుద్ది కడగండి. తెల్లగుడ్డతో తుడిస్తే మరక రాకూడదు. డీజిల్‌తో కడిగితే హోనింగ్ పొడి గీతల్లోనే ఉండిపోతుంది. ఆరగానే ఆయిల్ రాయండి. సముద్రం గాలి తగిలే ఊళ్లలో తెల్లారేసరికి తుప్పు పడుతుంది. క్రాంక్ లోపలి ఆయిల్ దారులు సన్నటి బ్రష్ దూర్చి కడగాలి. అల్యూమినియం ముఖాలని రాపిడి చక్రాలతో గీకకండి, ఆ పొడి బేరింగులని తినేస్తుంది. సిలికాన్ గమ్ పిండి పిండి పూయకండి, లోపలికి ఊడిపడ్డ ముక్క ఆయిల్ పంపు జల్లెడకి అడ్డం పడుతుంది.

కనెక్టింగ్ రాడ్ మూతలు ఒకదానివి ఇంకోదానికి మార్చకండి. సాగే రకం హెడ్ బోల్టులు ఒకసారి విప్పితే కొత్తవే వేయాలి. కంపెనీ చెప్పిన టార్క్, చెప్పిన డిగ్రీలు టార్క్ రెంచితో ఇవ్వాలి. పొడవాటి పైపు తగిలించి చేతి అంచనాతో బిగించడం ఇక్కడ కుదరదు. ఇంజెక్టర్ల కింద రాగి వాషర్లు కొత్తవి వేయండి. లోపల దుమ్ము పడకుండా కుక్కిన గుడ్డలు ఎన్ని పెట్టారో గోడ మీద రాసుకుని, అన్నీ తిరిగొచ్చాకే మూయండి.

మొదటి స్టార్టు

షట్టర్ పూర్తిగా తెరవండి, మూసిన షెడ్డులో పొగ మనిషిని చంపుతుంది. మంటలార్పే సిలిండర్, ప్లైవుడ్ ముక్క దగ్గర పెట్టుకోండి. గేరు న్యూట్రల్, హ్యాండ్ బ్రేకు, చక్రాలకి అడ్డు. బండి ముందు ఎవరూ ఉండకూడదు. చూడ్డానికి వచ్చినవాళ్లని బయటికి పంపండి.

టర్బో ఆయిల్ రంధ్రంలో కొత్త ఆయిల్ పోసి ఇరుసుని వేలితో తిప్పాకే పైపు బిగించండి. ఇంజెక్టర్ల తీగలు విప్పి, ఆయిల్ లైటు ఆరేదాకా పదేసి సెకన్లు సెల్ఫ్ కొట్టి, మధ్యలో ఆగుతూ ఉండండి. ఆ తర్వాతే స్టార్ట్ చేయండి. రేసు ఇవ్వకండి. ఆయిల్ లైటు వెలిగినా, టక్‌టక్ శబ్దం వచ్చినా వెంటనే ఆపండి. వేడి టర్బో మీద ఆయిల్ కారుతోందా చూడండి, మంటలు ఎక్కువగా మొదలయ్యేది అక్కడే.

తర్వాత

మొదటి 1,000 కిలోమీటర్లు ఒకే వేగంతో గంటల తరబడి తోలకండి, గంటల తరబడి ఐడిల్‌లోనూ ఉంచకండి. వేగం పెంచుతూ తగ్గిస్తూ, నిండు లోడు లేకుండా తిప్పండి. రింగులు అలా కూర్చుంటాయి. 1,000 దగ్గర ఆయిల్, ఫిల్టర్ మార్చి, పాత ఫిల్టర్‌ని కోసి ఇనుప రజను ఉందేమో చూడండి. 216 జాతీయ రహదారి మీద లాగించి వచ్చినప్పుడు ఆపేముందు ఒక నిమిషం ఊరికే ఆడనివ్వండి. దుమ్ములో తిరిగే కిరాయి బండికి కంపెనీ చెప్పిన గడువుకంటే ముందే ఆయిల్ మార్చండి, కంపెనీ చెప్పిన గ్రేడే పోయండి.

బ్లాకు మార్చినా, సెకండ్ హ్యాండ్ ఇంజిన్ వేసినా నంబరున్న బిల్లు తీసుకోండి. ఆర్‌సీలో ఇంజిన్ నంబరు మార్పించి, ఇన్సూరెన్స్ కంపెనీకి తెలపండి. లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు క్లెయిమ్ ఆగుతుంది, దొంగ బండి సామానేమోనని మీరే సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వస్తుంది.

దించిన ఆయిల్‌ని కాలవలో పోయకండి. తెనాలి ఊరి మధ్యనుంచి వెళ్లే కాలవల నీళ్లే దిగువన పొలాలకీ, మంచినీళ్ల చెరువులకీ చేరతాయి. సెంట్రింగ్ పలకలకి పూయడానికని అడిగినవాళ్లకి ఇవ్వకండి, చలిమంటలో పోయకండి. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం అది అనుమతి ఉన్న రీసైక్లర్‌కే వెళ్లాలి. మూత గట్టిగా ఉన్న డబ్బాలో, కూలెంటూ నీళ్లూ కలపకుండా పోసి, పేరు రాసి ఉంచండి. తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లని కాలుష్య నియంత్రణ మండలి అనుమతి కాగితం చూపించమని అడిగి, రసీదు తీసుకున్నాకే డబ్బా ఇవ్వండి.